డీజిలు ట్యాంకుకి తాళం

మొన్న మా అల్లుడు బంకు దగ్గర కారు ఆపి ట్యాంకు మూత తిప్పగానే బుస్సుమని చిన్న చప్పుడొచ్చింది. అతను పట్టించుకోలేదు. ఈ రోజుల్లో కార్లకి అది మామూలేనట. వెనకసీట్లో కూర్చున్న నేను మాత్రం ఉలిక్కిపడ్డాను. అన్నదమ్ములు కలిసి కొన్న కార్లలో తిరిగినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, నా బాధ మీకు వేరే చెప్పక్కర్లేదు.

తొంభైల నడిమి మాట. మొగల్తూరుకి కాస్త ఇవతల మా ఊరు. నేనప్పుడే పక్క ఊరి బళ్ళో టీచరుగా చేరాను. నాన్న, బాబాయి కలిసి ఒక పాత డీజిలు కారు కొన్నారు. రెండిళ్ళూ పక్కపక్కనే, మధ్యన గోడ లేదు, మా అమ్మ పోపు వేస్తే పిన్ని తుమ్మేది. కారులో డీజిలు ఎంతుందో చూపించే ముల్లు మేం కొనేనాటికే చచ్చిపోయింది, దాన్ని బాగుచేయించాలని ఎవరికీ తోచలేదు. కొబ్బరి ఈనెని నున్నగా గీకి ట్యాంకులో ముంచేవారు. తడి ఎంతవరకు వస్తే అక్కడ చాకుతో చిన్న గాటు పెట్టి, కారుతో పాటు ఆ ఈనెని కూడా రెండోవాళ్ళకి అప్పగించేవారు. నమ్మకమంటే మా ఇంట్లో అలా ఉండేది, గాటు పెట్టి మరీ.

ఆ గాటే కొంప ముంచింది. బాబాయి పెట్టిన గాటుతో మా వాకిట్లో కొలిస్తే, ఎప్పుడు కొలిచినా డీజిలు వేలెడు తక్కువే ఉండేది. బాబాయికి రొయ్యల చెరువుంది, చెరువు గట్టు మీద పగలనక రాత్రనక డీజిలు ఇంజను ఆడుతూ ఉంటుంది, అనుమానానికి ఇంకేం కావాలి చెప్పండి? నాన్న మొదట్లో పైకి అనలేదు. బాబాయి లేనప్పుడు వాళ్ళ సావిట్లో వేలాడే రబ్బరు గొట్టం వాసన చూసి వచ్చి, డీజిలు కంపు కొడుతోందని అమ్మతో గుసగుసలాడారు. ఇంజనుకి డీజిలు పోసే గొట్టం డీజిలు కంపు కాక మల్లెపూల వాసన వస్తుందా! అయినా ఆ పూట ఆయన మాటే వేదమై కూర్చుంది, ఇంట్లో అందరం తలలూపాం.

తరవాత నాన్న భీమవరం వెళ్ళి తాళం ఉన్న మూత తెచ్చారు. అది వేరే బండిది, బలవంతాన తిప్పితే పట్టింది. రోడ్డు మీద దొంగలున్నారని పైకి ఓ సాకు చెప్పి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నారు. బాబాయి ఆ మూతని చూశాడు. ఆ రోజు నుంచి కారు అడగడం మానేసి స్కూటరు మీద తిరగసాగాడు. ఇక డీజిలు తీయడానికి వీల్లేదు కాబట్టే బాబాయికి కారుతో పని లేకుండా పోయిందని నాన్న దానికీ అర్థం తీశారు.

ఇక అక్కణ్ణుంచి కారుకి రోగం పట్టుకుంది. నాలుగు మైళ్ళు పోయేసరికి లాగడం తగ్గి, దగ్గి దగ్గి ఆగిపోయేది. మెకానిక్కు వచ్చి ఫిల్టరు మార్చాడు, గొట్టాలు ఊదాడు, పంపు కొట్టి గాలి తీశాడు. చివర్లో ట్యాంకు చూడాలంటే నాన్న తాళం తీసేవారు, వెంటనే ఇంజను అందుకునేది, ఆ పేరు ఫిల్టరుకి పోయేది. మళ్ళీ నాలుగు మైళ్ళకి అదే కథ. తాళం వేయకముందే బాబాయి అందులో కిరసనాయిలు కలిపి ఉంటాడని, ఆ మడ్డి ఇంకా వదల్లేదని నాన్న తేల్చేశారు. రెండిళ్ళ మధ్యా మాటలు ఆగిపోయాయి. గోడ కడతామని నాన్న ఇటుకలు తోలించిన రోజు మా నాయనమ్మ అన్నం ముట్టలేదు.

నాయనమ్మ కంటి ఆపరేషనుకి భీమవరం వెళ్ళాల్సి వచ్చినప్పుడు, ఇద్దరు కొడుకులూ పక్కన లేకపోతే గడప దాటనని మొండికేసింది. నాన్న నడుపుతున్నారు, బాబాయి ఆయన పక్కన కిటికీలోంచి బయటికి చూస్తూ, నేను నాయనమ్మతో వెనకాల. కాలువ గట్టు మీద కారు ఆగింది. చివరికి బాబాయే చెయ్యి చాచి, నెలల తరవాత మొదటి మాటగా తాళంచెవి ఇమ్మన్నాడు.

మూత తిప్పగానే పెద్దగా బుస్సుమంది. పామేమోనని నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బాబాయి మూత బిగించాడు, కారు నడిచింది, కొంతదూరం పోయి మళ్ళీ ఆగింది, తీస్తే మళ్ళీ బుస్సు. అప్పుడు బాబాయి మూతని అటూ ఇటూ తిప్పి చూశాడు. పాత మూతకి గాలి పోవడానికి సన్నటి చిల్లు ఉండేది, దీనికి లేదు. ట్యాంకులోకి గాలి పోకపోతే డీజిలు ఇంజను దాకా ఎలా వస్తుంది? భుజం మీది తువ్వాలు తీసి ట్యాంకు మూతికి వదులుగా కట్టాడు. మూత, తాళంచెవి నాన్న చేతిలో పెట్టాడు. భీమవరం దాకా కారు ఎక్కడా ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే నాన్న మా వాకిట్లో ఈనె ముంచి గాటు పెట్టారు. కారుని బాబాయి వాకిట్లోకి తీసుకెళ్ళి మళ్ళీ ముంచారు. వేలెడు ఎక్కువ వచ్చింది. మా వాకిలి కాలువ వైపుకి వాలుగా ఉంటుంది, వాళ్ళది చదును. ఇన్నాళ్ళూ తగ్గింది డీజిలు కాదు, కారు ఒరిగిందంతే. ఈనె పట్టుకుని నిలబడ్డ నాన్న మొహం నేను చూడలేకపోయాను. అలికిడికి బయటికొచ్చిన బాబాయికి ఆయన అంతా చెప్పారు, గొట్టం వాసన చూసిన సంగతితో సహా. బాబాయి ఆ ఈనెని చేతిలోకి తీసుకున్నాడు.

“నీ దగ్గర్నుంచి వచ్చినప్పుడల్లా వేలెడు ఎక్కువే ఉండేది అన్నయ్యా. తమ్ముడికి కదా అని ఎక్కువ పోయించి పంపుతున్నావనుకున్నాను. నీ మరదలితో కూడా ఎన్నోసార్లు అన్నాను.”

గోడ లేవలేదు. ఆ ఇటుకలతో పిన్ని కోళ్ళగూడు కట్టించింది. కానీ తరవాత కారు అమ్మేసేదాకా, బాబాయి ఎప్పుడు తెచ్చినా మా వాకిట్లోనే మూత తీసి, ఈనె ముంచి, నాన్నని పిలిచి చూపించి వెళ్ళేవాడు. వద్దురా అని నాన్న బతిమాలుకున్నా వినలేదు. వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. మా పిల్లలకి ఎవరి కారు వాళ్ళకుంది, ఎంత డీజిలుందో అంకెల్లో కనబడుతుంది, ఒకరికొకరు కొలిచి అప్పగించే పనే లేదు. అన్నయ్య వేలెడు ఎక్కువ పోయించాడని మురిసిపోయే తమ్ముడు మాత్రం మా ఇంట్లో మళ్ళీ పుట్టలేదు.