బెరడు తియ్యని తుమ్మకట్టె

2019 వానాకాలం. గోదావరిఖనిలో నేను కట్టెల అడితి పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. అడితి అంటే మొద్దులు తెచ్చి, కోసి, చీల్చి, కాంటా మీద తూచి అమ్మే చోటు. బొగ్గు పుట్టే ఊళ్లో కట్టెలెవరు కొంటారని బయటివాళ్లు నవ్వుతారు. కొంటారు. పెళ్లి వంటలకు, బాలింతల వేడినీళ్లకు, చావులకు. ఇళ్లకు వెళ్లే సరుకును నా ట్రాలీ ఆటోలో నేనే వేసి వచ్చేవాణ్ణి.

మా వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. కట్టెలు దేనికని అడగం. వచ్చిన మనిషి ఇంట్లో చావు జరిగి ఉండవచ్చు. ఆ మాట అతని నోటితో చెప్పించకూడదని మా నాన్న నాకు నేర్పాడు. అడగం కాబట్టి ఊహిస్తాం. పసుపు చేతులతో వస్తే పెళ్లి, చెప్పుల్లేకుండా వస్తే చావు. నా ఊహ తప్పదని నాకు గర్వంగా ఉండేది.

రాహేలమ్మ విషయంలో ఆ ఊహే నన్ను ముంచింది.

ఆమె భర్త దేవదాసు బొగ్గుబావి అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. తమ్ముడి పేరున ఉన్న కంపెనీ క్వార్టర్‌లో ఉండేవారు. ఇంట్లో గ్యాస్ ఉంది. అయినా ఆమె పది రోజులకోసారి క్వింటాలు కట్టె వేయించుకునేది. అదీ తుమ్మకట్టె, అదీ బెరడుతో. బెరడు పొగ పెడుతుందని, పురుగు చేరుతుందని అందరూ తీయించుకుంటారు. ఈమె మాత్రం బెరడు ఊడిన మొద్దును చేత్తో తడిమి పక్కన పెట్టేది.

"శంకరన్నా, గీ మొద్దుకు బెరడేదీ? బోడిగుండు తెచ్చినవ్."

"పొగ లేస్తది గదక్కా."

"లేస్తే నీ ముక్కుల దూరుతదా ఏంది? ఉన్నయి ఏరి దించు."

నాకు మొదటిసారి అనుమానం వచ్చింది అప్పుడే. గుడుంబా, అంటే నాటుసారా, కాచేవాళ్లు బెల్లం ఊటలో తుమ్మచెక్క వేస్తారని మా ప్రాంతంలో అందరికీ తెలుసు. ఆ తర్వాత చూసిందల్లా దానికే అతికింది. కట్టెలు పెరటి వైపే దించమనేది. అక్కడ గోనెపట్టా కప్పిన పెద్ద డేగిసా ఒకటి ఉండేది. ఒకసారి గాలికి పట్టా తొలగితే లోపల ఎర్రగా, చిక్కగా నీళ్లు కనిపించాయి. వగరు వాసన. ఆమె గబగబా వచ్చి పట్టా సర్దింది. ఇంకోసారి, ఫస్ట్ షిఫ్టు దిగిన ఇద్దరు కార్మికులు ఖాళీ సీసాలతో లోపలికి వెళ్లి, నిండు సీసాలు సంచిలో పెట్టుకుని వచ్చారు. ఒకడు నన్ను చూసి సంచిని అటుచేతికి మార్చుకున్నాడు. అది చాలనిపించింది.

పక్క క్వార్టర్ పోశక్క అప్పటికే ఆ పొగ మీద గొడవ పడుతోంది. "ఆరేసిన బట్టలన్ని మసి పట్టవట్టె! బొగ్గుబాయిల దిగొచ్చినట్టున్నయి," అని గోడ మీద నుంచి అరిచేది. రాహేలమ్మ ఇటునుంచి, "నీ మొగని బట్టలకు కొత్తగ మసేందే, పుట్టినకాడికెల్లి గంతేనాయె," అనేది. ఇద్దరూ నవ్వేవారు. మళ్లీ అరుచుకునేవారు. కూర వండితే గోడ మీది నుంచి గిన్నె దాటేది.

నా అడితిలో చాయ్ తాగడానికి వచ్చే ఒక కానిస్టేబుల్ ఉండేవాడు. ఒకరోజు అతనే కదిపాడు. "ఏందన్నా, గీ లైన్లల్ల గుడుంబా గిట్ల ఏమన్న నడుస్తుందా?" నేను క్వార్టర్ నంబరు చెప్పాను. "నా పేరు రావద్దు," అని కూడా చెప్పాను. నా కట్టెలతో సారా కాస్తే రేపు నా మీదికి వస్తుందని భయం. ఆ భయం నిజమే. కానీ చాటుగా కనిపెట్టానన్న గొప్ప కూడా అందులో ఉంది. ఇప్పుడు దాచను.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే పోలీసు జీపు వచ్చింది. క్వార్టర్ల లైనంతా బయట నిలబడి చూసింది. పోలీసులు డేగిసా బోర్లించాక గానీ అది సారా కాదని తెలియలేదు. తుమ్మచెక్క ఉడికించిన నీళ్లు. బావుల్లో నీళ్లు నిలిచే చోట గంబూట్లతో పనిచేసే వాళ్లకు వేళ్ల సందులు నాని పుండ్లు పడతాయి. ఈ చెక్క నీళ్లతో కడిగితే పుండు ఆరుతుందని వాళ్ల నమ్మకం. దేవదాసు సర్వీసంతా అలాగే కడుక్కున్నాడు. రిటైరయ్యాక అతని భార్య అందరికీ కాచి ఊరికే ఇస్తోంది. కాళ్ల పుండ్లని చెప్పుకోవడం నామోషీ గనక వాళ్లు సీసాలు దాచుకుని వెళ్లేవారు.

మరుసటి డెలివరీకి వెళ్లేసరికి పెరడంతా ఎర్రటి మరక. దేవదాసు గడపలో కూర్చుని ఉన్నాడు, తల ఎత్తలేదు. జీపు మాట కంపెనీ ఆఫీసుకు చేరితే తన క్వార్టర్ పోతుందని తమ్ముడు భయపడి, ఎనిమిది రోజుల్లో ఖాళీ చేయమన్నాడట.

"ఎవరు చెప్పిండ్రో నాకెర్కే," అంది రాహేలమ్మ. "పోశక్కనే. పొగ పొగ అని మొత్తుకున్నది అదే గదా. అంతేనంటవా, అన్నా?"

నేను మొద్దు దించుతూ, "ఉండొచ్చు," అన్నాను.

జీపును పంపింది నా మొదటి తప్పు. అంతకంటే పెద్దది ఈ ఒక్క మాట.

వాళ్లు గోదావరి దాటి నస్పూర్‌లో అద్దెకు దిగారు. బెరడు చూసి వేసేది నేనొక్కణ్ణేనని అక్కడికీ నన్నే పిలిచేది. మూడేళ్లు వేశాను. ప్రతిసారీ ఈసారి చెప్పాలనుకునేవాణ్ణి, వంతెన దాటేలోపు మానుకునేవాణ్ణి.

ఒకరోజు పోశక్క అడితికి వచ్చింది. చిక్కిపోయింది. మామూలుగానే నేను దేనికని అడగలేదు. ఆమే చెప్పింది.

"మా ఆయన పోయిండు, శంకరన్నా. దినాల వంటకు కట్టెలు గావాలె. అందరచ్చిండ్రు. రాహేలు ఒక్కతే రాలె. నేనేం జేసిన్నో నాకు ఇప్పటికి తెల్వది."

ఆ కట్టెలు దినాల రోజు పొద్దున వేస్తానని చెప్పాను. ఆ పొద్దున ట్రాలీ నింపుకుని ముందు నస్పూర్ వెళ్లాను. రాహేలమ్మ వాకిట్లో నిలబడి మొత్తం చెప్పాను. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"పదిరోజులకోసారి నా ఎదురుంగ నిలవడితివి. గీ బెరడు ఎందుకక్కా అని ఒక్కమాట అడగకపోతివి."

"మా అడితిల అడగమక్కా."

"పోలీసోనికి చెప్పచ్చు, నన్ను అడగద్దా?"

ఆమె లోపలికి వెళ్లి కొంగు సర్దుకుని వచ్చింది. "గా కట్టెలెవరియి?" అంది. పోశక్కవని చెప్పాను. ట్రాలీ ఎక్కి నా పక్క సీట్లో కూర్చుంది. వంతెన మీద కూడా నా వైపు చూడలేదు.

పోశక్క వాకిట్లో దిగి ఆమె లోపలికి వెళ్లింది. ఇద్దరి ఏడుపూ బయటికి వినపడింది. నేను కట్టెలన్నీ ఒక్కణ్ణే దించి, గోడకు పేర్చి వచ్చేశాను. నన్నెవరూ లోపలికి పిలవలేదు. ఆ తర్వాత రాహేలమ్మ నా దగ్గర కట్టెలు కొనలేదు.

ఆ లైనులో ఇప్పటికీ కొందరు పోశక్క పేరే చెబుతారని విన్నాను. అందుకే ఇది రాస్తున్నాను. చెప్పింది ఆమె కాదు, నేను.

నాన్న నేర్పిన పద్ధతి మానేశాను. ఎవరు వచ్చినా ముందు, "దేనికి గావాలె?" అంటాను. చావు ఇంటి నుంచి వచ్చినవాళ్లు కూడా చెబుతారు. ఇన్నేళ్లలో ఎందుకు అడిగావని ఒక్కరూ నన్ను కోప్పడలేదు.