గౌరికి తీయించని స్కాన్

ఆ రోజుల్లో సరోజినీ నగర్ క్వార్టర్లలో అల్ట్రాసౌండ్ అంటే ఒకటే అర్థం. కడుపుతో ఉన్నవాళ్లు, పుట్టబోయేది మగో ఆడో ముందే తెలుసుకోవాలనుకునేవాళ్లు, కరోల్ బాగ్‌లో ఒక క్లినిక్‌కి చాటుగా వెళ్లొచ్చేవారు. అందుకే 1985 వేసవిలో డాక్టరు పద్నాలుగేళ్ల గౌరికి ఆ స్కాన్ రాస్తే తల్లి జానకీదేవి ఉలిక్కిపడింది.

గౌరి మెడ ముందు, సరిగ్గా మధ్యలో, ఉసిరికాయంత గడ్డ. చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరు పరీక్షించి, మామూలు నీటితిత్తే అయ్యుంటుందనీ, కోసి తీసేస్తే సరిపోతుందనీ అన్నాడు. ఎందుకైనా మంచిది, థైరాయిడ్ గ్రంథి తన చోట ఉందో లేదో ముందు స్కాన్‌లో చూద్దామన్నాడు.

మర్నాడు పాల బూత్ దగ్గర జానకీదేవి ఆ సంగతి పక్క బ్లాకు నాగేంద్రమ్మకి చెప్పింది.

"మెడకి స్కానా? కడుపు చూసే మెషీన్‌తో మెడేం చూస్తారు వదినా? ఆ క్లినిక్ మెట్ల మీద గౌరిని ఒక్కళ్లు చూశారంటే చాలు, కాలనీ అంతా టముకు వేస్తారు."

"డాక్టరు రాశాడు కదా..."

"రాస్తాడు. పిల్ల ఆయన పిల్ల కాదుగా!"

అయినా జానకీదేవి కూతుర్ని తీసుకుని కరోల్ బాగ్ వెళ్లింది. గౌరిని గాజుల బండి దగ్గర నిలబెట్టి తాను మెట్లెక్కింది. పైన బెంచీ మీద తమ కాలనీ ఆవిడే ఒకావిడ, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. జానకీదేవి అక్కణ్ణించే దిగొచ్చింది.

"మెషీన్ పాడైందట" అంది.

"అచ్ఛా! అయితే గోల్‌గప్పే తిందామా మమ్మీ?"

డాక్టరుకీ అదే చెప్పింది. "ఠీక్ హై, ఇలాంటివి చాలా చేశాం" అన్నాడాయన.

ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు, గాయం చక్కగా మానింది. చలికాలానికి గౌరి ముఖం ఉబ్బింది. క్లాసులో కునుకుపాట్లు, రెండు రజాయిలు కప్పినా వణుకు. రక్తపరీక్ష చూశాక డాక్టరు గొంతు తగ్గించాడు. పిల్లకి ఉన్న థైరాయిడ్ మొత్తం ఆ గడ్డే. పుట్టుకతోనే అది కిందికి దిగాల్సిన చోటికి దిగలేదు. ఇక బతికున్నన్నాళ్లూ రోజూ మాత్ర వేసుకోవాలి. స్కాన్ తీసుంటే తెలిసేదని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

మాత్రలతో గౌరి కోలుకుంది, కాలేజీలో చేరింది. ఒకరోజు పొద్దున్నే పరగడుపున మాత్ర నాలుక మీద వేసుకుని నీళ్లకోసం చెయ్యి చాపింది.

"మమ్మీ, మనం ఏక్ దిన్ ఆగి ఉంటే వాళ్లు మెషీన్ బాగుచేసేవాళ్లేమో కదా?"

"చేసేవాళ్లేమో" అంటూ జానకీదేవి గ్లాసు అందించింది.