సొరంగంలో అడిగే ప్రశ్న

రాయగడ నుంచి కకిరిగుమ్మ దాకా రోజూ రైల్లో నా ఎదుటి సీటు ఆ టీచరమ్మదే. ఆవిడ బడికి, నేను ఆసుపత్రికి. దారంతా ప్రేమ నవల రాసేది. ఆ లైన్లో సొరంగాలకు కొదవ లేదు. పెట్టె చీకటైనప్పుడల్లా పెన్ను ఆపి, "ఇప్పుడాడు ఏటంటాడమ్మి?" అని తన కథానాయకుడి గురించి నన్నడిగేది. నర్సును, ప్రేమ మాటలు నాకేం తెలుసు? ఏదో ఒకటి చెప్పేదాన్ని. వెలుగు రాగానే నేను చెప్పింది తప్ప ఇంకేదో రాసుకునేది.

ఆ నవలను ఒక పత్రిక ఎడిటరు తిప్పి పంపాడు. చదివేవాళ్లను కదలకుండా కూర్చోబెట్టే గుణం దీనికి లేదన్నాడు. ఆవిడ ఏడవలేదు. నెల రోజులు చివరి అధ్యాయాన్ని కొట్టేసి కొట్టేసి మళ్లీ రాసి, ఒక పొద్దున నాకు చదివి వినిపించింది. పక్క సీట్ల వాళ్లు కూడా మాటలాపి విన్నారు. ఆఖరి వాక్యం అయ్యాక కిటికీలోంచి చూసి కెవ్వుమన్నాను.

"అక్కా, కకిరిగుమ్మ దాటీసినాం!"

అక్కడే దిగాల్సిన బ్యాంకు గుమాస్తా తల పట్టుకున్నాడు. టీచరమ్మ మాత్రం కాగితాలు గుండెకు హత్తుకుని, పెట్టెంతా వినబడేలా నవ్వింది.

"ఇప్పుడా ఎడిటరు ఏటంటాడమ్మి?"