తువ్వాల కింద బేరం

బేరంలో నా నోరు మూయించినవాడు ఒక్కడే. అతని పేరు కూడా నాకు తెలియదు. చిట్యాల బస్సులో నా పక్కన కూర్చున్న ముసలి పశువుల దళారి. పశువుల అంగట్లో ధర పైకి చెప్పరు. తువ్వాల కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని తేల్చుకుంటారు.

"సేటూ, జర నాతోని ఉత్తుత్తి బేరం చెయ్యి. పోయిన అంగట్ల వేళ్లకు స్పర్శ తెల్వలే, పాపం రైతు ఎడ్లు అగ్గువకు పోయినయి. ఇయ్యాల గూడ గట్లయితే నన్నింకెవలు పిలుస్తరు?" అన్నాడు.

బేరమంటే నేను బస్సు దిగడం మరిచే రకం. తువ్వాల కింద చెయ్యి పెట్టి అతని మూడు వేళ్లు పట్టుకున్నాను. అతను కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నాడు. గోళ్లు దిగేలా నొక్కాను.

"సిగ్గెందుకు సేటూ," అని నవ్వాడు, "చెయ్యి పెట్టు."