జములమ్మ కాళ్లకు పట్టుబడ్డ తాళం

ఆత్మకూరులో బట్టలు కుట్టే జములమ్మకు పాటంటే ప్రాణం. కానీ శనివారం భజనలో ఆమె గొంతు కలిపిందంటే తాళం ఎటో, ఆమె ఎటో. "అక్కా, నువ్వు జర చప్పట్లే కొట్టరాదూ" అని బతిమాలేవారు. చప్పట్లూ తప్పేవి. నలభై ఆరేళ్లు వచ్చేసరికి వెనక వరుసలో కూర్చుని పెదవులు మాత్రం కదపడం అలవాటు చేసుకుంది.

ఒకరోజు కోలాటం నేర్పే ఎర్రయ్య, డెబ్బై ఏళ్ల మనిషి, చొక్కా కాలరు తిప్పించుకోవడానికి ఆమె దుకాణానికి వచ్చాడు. ఆమె మిషను తొక్కుతుంటే స్టూలు మీద కూర్చుని విన్నాడు. కాసేపటికి ఆయన వేళ్లు మోకాలి మీద ఆడసాగాయి.

"నీకు తాళం రాదంటరు గదా జములమ్మా. మరి ఇదేంది?"

"ఏంది పెద్దయ్యా?"

"నీ కాలు. అంగి కుట్టినంత సేపు ఒక్క తొక్కుడు తప్పలే. నీకు పాట నోటితోని నేర్పిన్రు, గందుకే రాలే. రేపటి సంది పొద్దుగాల బడి కాడికి రా. ఆడోళ్లకు అడుగులు నేర్పుతున్న."

మొదటి వారం ఎర్రయ్య ఆమెకు కోలలు ఇవ్వలేదు, పాడనివ్వలేదు. నడవమన్నాడు. నాలుగు అడుగులు ముందుకు, నాలుగోది గట్టిగా. తర్వాత మూడేసి అడుగులు. ఆ మూడులో జములమ్మ నాలుగోది కూడా వేసి ముందున్న మంజుల మడమ తొక్కింది. మంజుల బస్టాండు దగ్గర పండ్లమ్ముతుంది, మాటకారి.

"అక్కా, నా అడుగులు గూడ నువ్వే ఏస్తవా ఏంది?"

అందరితో పాటు జములమ్మా నవ్వింది. తన తప్పుకు తాను నవ్వడం ఆమెకు అదే మొదలు.

రెండో వారం తిరుగుళ్లు, మూడో వారం కోలలు. నాలుగో వారం ఎర్రయ్య చెప్పా పెట్టకుండా పాట ఎత్తుకున్నాడు. తానూ పాడుతున్నానని జములమ్మకు సగం చరణం అయ్యాక గాని తెలియలేదు. మాట ఎక్కడ పడాలో ఆమె వెతకలేదు. అడుగు పడ్డచోటే పడింది. ఎర్రయ్య మాత్రం చూడనట్టే ఉండిపోయాడు.

వాళ్లు మొదటిసారి నలుగురి ముందు ఆడింది బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి దగ్గర. రెండో పాట మధ్యలో ప్రదీప్ వాయిస్తున్న డోలక్ తాడు తెగింది. చప్పుడు ఆగగానే కోలలు తడబడ్డాయి, ఒకరిద్దరు నిలబడిపోయారు. జములమ్మ ఆగలేదు. అడుగు వేస్తూనే నోరారా పల్లవి ఎత్తుకుంది. ఆమె కాళ్లు చూసి మంజుల అందుకుంది, మంజులను చూసి మిగతావాళ్లు. ప్రదీప్ తాడు ముడేసేలోగా పాటే అయిపోయింది.

ఎర్రయ్య దగ్గరికి వచ్చి, "ఆఖరి చరణంల జర ఉరికినవ్" అన్నాడు. తర్వాత ఆమె చేతిలో కొబ్బరి చిప్ప పెట్టి, "పొయ్యేటప్పుడు బస్సుల గూడ పాడు" అన్నాడు.

బస్సు కదిలిన దగ్గర్నుంచి ఆమె పాడుతూనే ఉంది, వెనక సీట్లవాళ్లు కాళ్లతో తాళం వేస్తూనే ఉన్నారు. వినడంలో పడి కండక్టరు ఒక ఊరి పేరు పిలవడమే మరిచాడు. అక్కడ దిగాల్సిన ముసలాయన పక్క ఊళ్లో దిగుతూ, "పోనీలే, పాట అయినంక దిగుతున్న" అన్నాడు.