మొదటి అంగుళం లేని టేపు

మా వీధిలో బట్టలు కుట్టే టేపు పిన్ని, మనిషి ఒంటి మీద కొలత తీసుకోనిదే గుడ్డకి కత్తెర తగలనిచ్చేది కాదు. పాత చొక్కా తెచ్చి "దీని కొలతకే కుట్టు పిన్నీ" అన్నవాళ్ళకి ఒకటే జవాబు: "చొక్కా సరే, మనిషేదీ?" ఎప్పుడూ మెడలో వేలాడే ఆ టేపుకి మొదటి అంగుళం అరిగి ఊడిపోయింది. ఒకటో అంకె దగ్గర పట్టుకుని కొలిచి, లెక్కలోంచి ఒకటి తీసేసేది. మాటల్లో పడితే తీసేయడం మరిచిపోయేది. మా వీధిలో సగంమంది అంగుళం వదులు చొక్కాల్లో తిరిగేవాళ్ళు.

కొట్టు ఒక్కటే గది. కిటికీ పక్కన తొక్కుడు మిషను, మేకులకి సగం కుట్టిన బట్టలు, నేలంతా దారప్పోగులు. మిషను నూనె, ఇస్త్రీ వేడి కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా కాళ్ళు ఆగిపోతాయి. ఆమెకి కుట్టు ఎవరూ నేర్పలేదు. వాళ్ళాయన చొక్కా విప్పదీసి, మళ్ళీ కుట్టి నేర్చుకుంది. "అది మళ్ళీ ఆయనకి పట్టలేదనుకో" అని తనే ముందు నవ్వేది.

పదిహేనేళ్ళప్పుడు నేను పరీక్షలో చీటీతో దొరికిపోయాను. బడి మొత్తం ముందు నిలబెట్టారు. ఆ రోజు నుంచి నా పేరే 'చీటీ'. మధ్యాహ్నం నా బల్ల దగ్గర ఎవరూ కూర్చునేవారు కాదు. ఇంట్లో ఆ మాటే ఎత్తేవారు కాదు, తిట్టినా బాగుండేది. కొన్నాళ్ళకి నన్ను నేనే గాయపరచుకోవడం మొదలుపెట్టాను. ఎండలు ముదిరి అందరూ పొట్టి చేతులు కుట్టించుకుంటుంటే, నేను పాత యూనిఫాం చొక్కా పట్టుకుని వెళ్ళాను.

"పొడుగు చేతులు పెట్టు పిన్నీ. కొలత ఇందులో ఉంది."

"ఈ ఎండల్లోనా? ఉడికిపోతావే. ఏదీ, చెయ్యి చాపు."

"వద్దు."

"వద్దేంటే? టేపేమైనా కరుస్తుందా?"

నేను నవ్వలేదు. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. ఆమె కాసేపు నా ముఖం చూసి, టేపు మెడలోంచి తీసి మిషను మీద పెట్టింది. పగటిపూట ఆమె మెడ ఖాళీగా కనిపించడం అదే మొదటిసారి. తలుపు దగ్గరగా వేసి, నా పక్కకి స్టూలు లాక్కుంది.

"నిన్ను నువ్వు ఏమైనా చేసుకుంటున్నావా తల్లీ?"

తలూపాను.

"చచ్చిపోవాలనిపిస్తోందా?"

బొత్తాలు ఏ రంగువి కావాలని అడిగినంత మామూలుగా అడిగింది. "ఒక్కోసారి" అన్నాను. ఏడుపు తన్నుకొచ్చింది. పిన్ని ఏడవొద్దనలేదు. చీటీ సంగతంతా విన్నాక, "ఇన్నాళ్ళూ ఒక్కదానివే మోశావా" అంది.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్ పిన్నీ."

"వెయ్యను. నాకు తెలిసింది గుడ్డ. నీకు అమ్మ కావాలి, డాక్టరు కావాలి. నా మీద కోపం వస్తే రానీ, పక్కనే ఉంటాను. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నువ్వే చెప్పు."

మిషను మీది పని అలాగే వదిలేసి, నా భుజం మీద చెయ్యేసి ఇంటిదాకా నడిచింది. అమ్మ అంతా వింది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని వదల్లేదు. మర్నాడు ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ దగ్గరికి ఏడాది పైనే తిరిగాను. మధ్యలో మళ్ళీ జారిన రోజులున్నాయి. అప్పుడు ఎవరి దగ్గరికి పరుగెత్తాలో తెలుసు. సాయంత్రాలు కొట్లో బొత్తాలు కుట్టేదాన్ని. వంకర వస్తే పిన్ని మొహమాటం లేకుండా విప్పించేది.

అడిగినట్టే, పాత చొక్కా కొలతకే పొడుగు చేతులు కుట్టింది. కాకపోతే మడిచి నిలుపుకోవడానికి ఒక పట్టీ, బొత్తం పెట్టింది. "నీకు ఎప్పుడు మడవాలనిపిస్తే అప్పుడే."

రెండేళ్ళ తర్వాత ఎండాకాలంలో కొట్టుకి వెళ్ళి, ఆమె అడగకముందే చెయ్యి చాపాను. భుజం నుంచి మణికట్టు దాకా కొలిచింది. మచ్చల దగ్గర టేపు ఆగలేదు.

"అంగుళం పెరిగావే!"

"ఒకటి తీసేశావా పిన్నీ?"

నాలిక్కరుచుకుంది. "సరే, పెరగలేదు పో."

"పొట్టి చేతులు పెట్టు."

"మరి మణికట్టు దాకా ఎందుకు కొలిపించావే, దొంగా!" అంటూ టేపు మోచేతి పైకి జరిపింది.