బావకు మందపు తాడు, నాకు సన్నది

నా చిన్నప్పుడు మా తాతయ్య ఇంట్లో ఎవరేం పెట్టినా ముందు పక్క పళ్లెంలోకి చూసి, ఆ తర్వాతే నా పళ్లెంలోకి చూసుకునేదాన్ని. పక్క పళ్లెం మా మేనమామ కొడుకుది. నాకంటే రెండేళ్లు పెద్ద, వరసకు బావ. వాడి పెరుగులో మీగడ ఎక్కువ పడిందా, వాడికి వచ్చిన చేపముక్క నడుముదా, నాకు వచ్చింది తోకదా అని లెక్క చూసుకోనిదే నాకు ముద్ద దిగేది కాదు. మా అమ్మమ్మ నవ్వుతూ నన్ను పోలీసు అని పిలిచేది.

నా అనుమానానికి కారణం లేకపోలేదు. మా అమ్మానాన్నలు మిర్యాలగూడలో రైసు మిల్లు పనికి కుదిరి, నా చదువు చెడకుండా ఉంటుందని నన్ను కోదాడ వైపు చిలుకూరు దగ్గరి పల్లెలో తాతయ్య దగ్గర వదిలారు. అక్కడ నాకు తిండికీ బట్టకూ లోటు లేదు. ఒక్క దెబ్బ కూడా పడలేదు. అయినా ఆ ఇల్లు బావది, నేను ఎప్పుడో ఒకప్పుడు వెళ్లిపోవలసిన మనిషిని అన్న మాట నా మనసులో ఒక మూల కూర్చుని ఉండేది. ఎవరూ అనలేదు. అనకపోవడం కూడా నాకు అనుమానంగానే ఉండేది.

మా తాతయ్యకు కొంచెం పొలం, కొన్ని గొర్రెలు ఉండేవి. చేపలు పట్టడం ఆయన వృత్తి కాదు, పిచ్చి. సాగర్ కాలువ తూము నుంచి నీళ్లు దూకే చోట ఒక లోతైన మడుగు ఉండేది. మధ్యలో సుడి తిరుగుతూ ఉంటుంది, అంచుల్లో తుంగ, నాచు. ఆ నాచులో కొర్రమట్టలు కాపురం ఉండేవి. కొర్రమట్ట మామూలు చేప కాదు. ఎరగా గుచ్చిన కప్పపిల్లను మింగి, గాలం గుచ్చుకుందని తెలియగానే నేరుగా నాచులోకి దూరి తాడును చుట్టేస్తుంది. అప్పుడు చేపతో పాటు బుట్టెడు నాచును కూడా లాగాలి. సన్నదారం అక్కడ టప్పున తెగుతుంది. అందుకే కొర్రమట్టకు వెళ్లేవాళ్లు తాడు బలం గురించి అంత పట్టుదలగా మాట్లాడుకుంటారు.

మా తాతయ్య తాడును ఆయనే చేసుకునేవాడు. కోదాడ పెద్ద రోడ్డు మీద పంచరు దుకాణాల వెనక పారేసిన లారీ టైర్లను చీల్చి, లోపలి నైలాను పోగులు తెచ్చేవాడు. వాటిని విడదీసి, తొడ మీద సన్నగా పేని పేటలు చేసి, ఆ పేటలను జడలా అల్లేవాడు. నాలుగు పాయల జడ మా అమ్మమ్మకు కూడా వచ్చేది కాదు, ఆయన మాత్రం గొర్రెలను చూస్తూ, తాడు వైపు చూడకుండానే అల్లేవాడు. పైన తేనెమైనం రుద్దితే తాడు నల్లగా, నున్నగా తయారయ్యేది. లోపల ఎన్ని పేటలున్నాయో బయటికి తెలిసేది కాదు. నా కథంతా అక్కడే ఉంది.

మా ఊళ్లో ఇంకో అలవాటు కూడా ఉండేది. తాడు చేతిలోంచి జారి పోతే మళ్లీ టైరు వెతుక్కోవాలి కదా, అందుకని కొసను మణికట్టుకు ముడి వేసుకునేవారు. పెద్దవాళ్లను చూసి పిల్లలం కూడా అలాగే కట్టుకునేవాళ్లం. అది తప్పని ఎవరికీ తోచలేదు.

ఆ ఏడు వరినాట్లు అయిపోయాక తాతయ్య మాకిద్దరికీ చెరొక తాడు ఇచ్చాడు. నాలుగేసి పేటలన్నాడు. అప్పటినుంచి మొదలైంది. నా తాడు ఊరికే తెగేది. బావ తాడు తెగేది కాదని కాదు, ఎప్పుడో ఒకసారి. వాడు అప్పటికే ఓ మాదిరి కొర్రమట్టలు పట్టి, తాటాకు చీలికకు గుచ్చి ఊరంతా తిప్పి వచ్చాడు. నేను చిన్న చిన్న జెల్ల చేపలతో సరిపెట్టుకున్నాను. బావే నా తాడును బ్లేడుతో గీస్తున్నాడని నాకు గట్టిగా అనిపించింది. తాడును మడతపెట్టి, మడత మీద జొన్న గింజ ఒకటి పెట్టి, ఎవరైనా ముట్టుకుంటే తెలిసిపోతుందని కాపలా కాశాను. గింజను ఎలుక ఎత్తుకుపోయింది. బావ మీద అనుమానం ఇంకా పెరిగింది.

ఒకరోజు బడి నుంచి వచ్చాక నేను, బావ, తాతయ్య ముగ్గురం మడుగుకు వెళ్లాం. తాతయ్య నాకు కొంచెం వెనకగా కూర్చున్నాడు. నేను పాచిపట్టిన రాతికట్టు మీద నిలబడి గాలం వేశాను. కాసేపటికి తాడు బిగిసింది. ఆ తర్వాత ఏం జరిగిందో మెల్లగా చెప్పడం కష్టం. మణికట్టు ఊడిపోయినంత పనైంది. కాళ్లు పాచి మీద జారాయి. మోకాళ్ల దాకా నీళ్లలోకి వెళ్లాను, ఎదురుగా సుడి కనబడింది, అరవడానికి నోరు తెరిచాను. అంతలో తాడు తెగింది. నేను వెల్లకిలా కట్ట మీద పడ్డాను. నా వెనక తాతయ్య అప్పటికే సగం లేచి, చేయి చాచి ఉన్నాడు. ఆయన ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

నేను మాత్రం నీళ్లలో పోబోయానని ఏడవలేదు. చేప పోయిందని ఏడ్చాను. అది పెద్ద వాలుగ చేప అని బావ అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే, అసలు అది చేపే కాదు, కొట్టుకొచ్చిన మొద్దు అని మామ అన్నాడు. ఎవరూ చూడలేదు. ఈరోజుకీ ఆ మొద్దు మాట మీద నాకు అనుమానమే.

మర్నాడు మధ్యాహ్నం గొర్రెల దొడ్డి వెనక్కి వెళ్లినప్పుడు నాకు దొంగ దొరికాడు. మా తాతయ్య నీడలో కూర్చుని, పొద్దున నా ముందే నాలుగు పేటలతో నా కోసం అల్లిన కొత్త తాడు జడ విప్పుతున్నాడు. చూస్తుండగానే ఒక పేట లాగి పక్కన పడేశాడు. ఇంకొకటి కూడా లాగాడు. మిగిలిన రెండింటినీ కలిపి పేని, మైనం రుద్ది, ఎప్పటిలా నల్లగా, నున్నగా చేసి పక్కన పెట్టాడు.

బావను పట్టుకోవాలని తిరిగినన్నాళ్లూ నాకు హుషారుగా ఉండేది. ఇది అలా లేదు. ఆ సాయంత్రం అన్నం తినలేదు. మర్నాడు బడికి పోలేదు. పుస్తకాల సంచిలో గౌన్లు కుక్కి, మిర్యాలగూడ బస్సు ఎన్నింటికని మా అత్తను అడిగాను. అత్త నా సంచి వైపు చూసి, పోయి తాతయ్యను పిలుచుకొచ్చింది.

ఆయన ఏమైందని అడగ్గానే నా నోటికి అడ్డు లేకుండా పోయింది. "ఆడు నీ కొడుకు కొడుకని నాలుగు పేటలిచ్చినవ్. నేను బిడ్డ బిడ్డనని రెండే ఇచ్చినవ్. నేను సూసిన తాతా. నేను మా అమ్మ దగ్గరికి పోత" అన్నాను. అత్త బుగ్గలు నొక్కుకుంది. అమ్మమ్మ నన్ను కసరబోయింది. తాతయ్య ఆమెను ఆపి, పెరట్లోకి పోయి మూడు తాళ్లు పట్టుకొచ్చాడు. బావను కేకేసి, ఇద్దరినీ నాటు వేయని ఒక బురద మడిలోకి తీసుకుపోయాడు. నేను సంచి వదల్లేదు. దాన్ని గట్టు మీద నాకు కనబడేలా పెట్టుకుని మడిలో దిగాను.

ముందు నాలుగు పేటల తాడు నా చేతికిచ్చాడు. రెండు చేతులా పట్టుకొని, కాళ్లు పాతుకొని నిలబడమన్నాడు. రెండో కొస పట్టుకొని చేప గుంజినట్టు ఒక్క గుంజు గుంజాడు. నేను బోర్లా బురదలో పడ్డాను. బావ పగలబడి నవ్వాడు. నోట్లో బురద ఉమ్మేసి మళ్లీ నిలబడ్డాను. మూడు పేటల తాడుకు కూడా పడ్డాను. రెండు పేటల తాడు ఇచ్చి గుంజాడు. నేను ఒక అడుగు ముందుకు తూలాను, తాడు టప్పున తెగింది. నేను నిలబడే ఉన్నాను.

"గీ తాడు నీది బిడ్డా" అన్నాడు తాతయ్య.

తర్వాత బావను నిలబెట్టాడు. నాలుగు పేటలకు వాడు కూడా బోర్లా పడ్డాడు. ఈసారి నవ్వడం నా వంతు. మూడు పేటల తాడు మాత్రం వాడి చేతిలో తెగింది. అప్పుడు తెలిసింది, వాడి తాడులో నుంచి కూడా ఒక పేట తీసేశాడని. నాలుగు పేటల మొనగాడినని ఊరంతా చెప్పుకున్న బావ ముఖం చూడాలి. నాకంటే వాడికే ఎక్కువ కోపం వచ్చింది.

మరి ఆ మాట ముందే చెప్పొచ్చు కదా, నాలుగని ఎందుకు అబద్ధమాడావని అడిగాను. తాతయ్య బురద చేతులు పంచెకు తుడుచుకుంటూ, "సన్నదంటె ముడుతరా మీరు? నా తాడెత్తుకపోయెటోల్లు. చేతికి కట్టుకోవద్దంటె ఇంటరా? నేనే కట్టుకుంటుంటి" అన్నాడు. తెగిన కొసలు చుట్టుకుంటూ, "అందరు చేపను సూసి తాడు పేనుతరు. నేను పట్టుకున్నోల్లను సూసి పేనుత. చేప పోతే మల్లొస్తది. నువ్వు పోతే యాడికెల్లి తేవాలె నేను?" అన్నాడు.

నేను వెంటనే కరిగిపోయాననుకోకండి. నా బుద్ధి అంత సులువుగా వదిలేది కాదు. మరి నువ్వో అని అడిగాను. నేనూ బావా కలిసి నాలుగు పేటల తాడు పట్టుకొని ఆయనను గుంజాం. ఆయన బురదలో గుంజ పాతినట్టు నిలబడ్డాడు, తాడు తెగి మేమిద్దరం వెనక్కి పడ్డాం. అప్పుడు గానీ నేను ఒప్పుకోలేదు. ఇంటికి వస్తూ సంచి ఆయనే మోశాడు. నాట్ల ముందు ప్రతి ఏడూ ఆయన వాకిట్లో మాతో ఆడే తాడు గుంజులాట ఎందుకో కూడా ఆ దారిలోనే నాకు అర్థమైంది. మేము ఆట అనుకున్నాం. ఆయన మా బలం చూసుకుంటున్నాడు.

నాకు కోదాడలో సంబంధం కుదిరి, పెళ్లయి, పిల్లలు పుట్టాక కూడా తీరిక దొరికినప్పుడల్లా ఆ ఊరికి పోయి వచ్చేదాన్ని. తాతయ్య బాగా వంగిపోయిన రోజుల్లో ఒకసారి వెళ్తే, మడుగుకు పోతూ నన్ను కూడా రమ్మన్నాడు. దారిలో అదే మడి దగ్గర ఆగి, తన తాడు కొస నా చేతికిచ్చాడు. "గుంజు బిడ్డా, జర గట్టిగ గుంజు" అన్నాడు. నేను మెల్లగా గుంజాను. మొహమాటపడొద్దని కసిరాడు. గట్టిగా గుంజాను. తాడు తెగలేదు. ఆయనే తూలి, రెండడుగులు నా వైపు వచ్చాడు. నేను పరుగున పోయి పట్టుకున్నాను.

ఆయన గట్టు మీద కూర్చుని, కొస విప్పి, ఒక పేటను నెమ్మదిగా లాగి పక్కన పెట్టాడు. మిగిలిన వాటిని మళ్లీ అల్లడం మొదలుపెట్టాడు. లెక్కపెట్టాను, పోలీసును కదా. ఒకప్పుడు బావకు ఇచ్చిన తాడంత మిగిలింది. ఆయన ముందు నవ్వాను గానీ, తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కోదాడ వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

మొన్న సూర్యాపేట నుంచి మా అల్లుడు, మనవరాలు వచ్చారు. అల్లుడికి ఈమధ్య గాలం పిచ్చి పట్టుకుంది. ఇప్పుడు తాడు ఎవరూ పేనడం లేదు, అల్లిన దారం ఫోనులో ఆర్డరు పెడితే చుట్టలు చుట్టలుగా ఇంటికే వస్తుంది. చూడటానికి కుట్టుదారంలా ఉంటుంది, లాగితే వేలు తెగుతుంది. ఇరవై పౌండ్లది, ముప్పై పౌండ్లది, యాభైది అని రకాలు. అంత సన్నగా ఉండి అంత బరువు మోస్తానని చెప్పేదాన్ని నేను ఎందుకు నమ్మాలి? "కొర్రమట్టకు యాభైది ఉండాల్నంట అత్తయ్యా, నాచులకెల్లి చేపను పీక్కొస్తదంట. ముగ్గురికీ అదే చెప్పనా?" అని అడిగాడు అల్లుడు. నీకు కావాలంటే యాభైది తెచ్చుకో నాయనా, పిల్లకు మాత్రం అన్నింటికంటే సన్నది చెప్పు అన్నాను. కాస్త ఆలోచించి, నాకు కూడా అదే చెప్పమన్నాను.

పక్కనే ఉన్న మనవరాలు ఫోను దించి నా వైపు చూసింది. "డాడీకి స్ట్రాంగుది, నాకు పల్చటిదా? ఎందుకు అమ్మమ్మా?" అంది. ఆ కళ్లు చిన్నవి చేసుకుని చూడటం నాకు బాగా తెలుసు. నాలుగైదు ఊళ్ల అవతల నుంచి కూడా గుర్తుపడతాను. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. పొద్దున వాకిట్లో గుంజులాట ఆడదాం, తొందరగా లేవమని మాత్రం అన్నాను. అప్పటిదాకా అనుమానపడనీ.